గూటి లొకేషన్ గుట్టుగా: ప్రకృతి పరిశీలకుల రికార్డులకు తాళం వేసే పద్ధతి

సాలీళ్లను పెంచుకునే సరదా ఉన్నవాళ్లకు ఏ దేశంలోనైనా మన గుత్తి పేరు తెలుసు. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీడును 1899లో శాస్త్రీయంగా వర్ణించారు. ఆ తర్వాత వందేళ్ల దాకా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలోనూ ఉంది, పెంపుడు జంతువుల అంతర్జాతీయ మార్కెట్‌లోనూ ఉంది. చైనాలోని ఒక గుహబల్లి కథ ఇంకా ఘోరం. దాన్ని మొదటిసారి వర్ణించిన పరిశోధన పేపర్ 1999లో అచ్చయింది, దొరికిన చోటు వివరాలతో సహా. 2006 నాటికి ఆ చోట అది కనుమరుగైందని శాస్త్రవేత్తలే రాశారు. ఆ పేపర్ చదివినవాళ్లలో పట్టుకుని అమ్ముకునేవాళ్లు కూడా ఉన్నారు మరి.

ఆదివారం తెల్లారుజామున బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువుగట్టు ఎక్కే మనలాంటివాళ్ల ఫోన్లలో ఆ పేపర్‌లో ఉన్నదానికంటే కచ్చితమైన సమాచారం ఉంటుంది. ఏ చింతచెట్టు తొర్రలో గుడ్లగూబ ఉందో, ఏ గట్టు కింద నక్షత్ర తాబేలు గుడ్లు పెట్టిందో, మనం ఇల్లు వదిలి ఎన్నింటికి వెళ్తామో, ఎన్నింటికి తిరిగొస్తామో, అన్నీ. దీపావళి ముందు గుడ్లగూబలకు, ఏడాది పొడవునా నక్షత్ర తాబేళ్లకు దొంగ గిరాకీ ఉందని ఈ రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కింద చెప్పేదంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. అసలు రికార్డును మార్చకూడదు, దాచాలి. బయటికిచ్చే కాపీని మాత్రం మసక చేయాలి. చాలామంది సరిగ్గా దీనికి ఉల్టా చేస్తారు. గూడు బయటపడకూడదని డైరీలోనే పక్క ఊరి పేరు రాసేస్తారు. పదేళ్ల తర్వాత ఏది నిజమో రాసినవాళ్లకే గుర్తుండదు, ఆ డేటా వాడుకున్న వాళ్ల మ్యాప్‌లో ఒక అబద్ధపు చుక్క శాశ్వతంగా ఉండిపోతుంది. దాచడానికి మంచి పరికరాలున్నప్పుడు అబద్ధం రాయాల్సిన పనేముంది?

మొదటి మెట్టు: ఏది దాచాలో తేల్చుకోవడం

అన్నిటికీ తాళం వేద్దామనుకుంటే వారం తిరక్కుండానే విసుగొచ్చి అన్నీ వదిలేస్తారు. చెరువులో ఎన్ని బాతులున్నాయి, కాలనీలో కోయిల ఏ తేదీన మొదటిసారి కూసింది, మేడ మీద వర్షమాపకంలో ఎన్ని మిల్లీమీటర్లు పడింది, ఇవన్నీ ఎంతమంది చూస్తే అంత మేలు. వీటికి బ్యాకప్ ఉంటే చాలు.

తాళం నిజంగా కావాల్సినవి కొన్నే. గూళ్లు, తొర్రలు, బొరియలు, రాత్రి బస చేసే చెట్ల కచ్చితమైన లొకేషన్లు, అందులోనూ మార్కెట్ ఉన్న జీవులవి: గుడ్లగూబలు, రామచిలుకలు, మునియాలు, అలుగులు, తాబేళ్లు, సాలీళ్లు. తర్వాత మీ జీపీఎస్ ట్రాక్‌లు. ప్రతి ట్రాక్ మీ గుమ్మం దగ్గర మొదలై మీ గుమ్మం దగ్గరే ముగుస్తుంది కదా. 2018 జనవరిలో స్ట్రావా అనే వ్యాయామ యాప్ మ్యాప్ చూసి అఫ్గానిస్థాన్, సిరియాల్లోని సైనిక స్థావరాల ఆకారాలను జనం గుర్తుపట్టారు. సైనికులు రోజూ పరిగెత్తిన గీతలే వాటిని పట్టించాయి. పేర్లు లేకపోయినా దారులు చాలు.

మూడోది, అందరూ మర్చిపోయేది, వేరే మనుషుల సమాచారం. దారి చూపిన చెంచు పెద్దాయన పేరు, ఫోన్ నంబరు, తన పొలంలోకి రానిచ్చిన రైతు సర్వే నంబరు, రాత్రంతా పెట్టిన రికార్డర్‌లో పడిన పక్కింటివాళ్ల గొడవ. కెమెరా ట్రాప్, అంటే ఎదురుగా ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా పెట్టేవాళ్లయితే మరీ జాగ్రత్త. కార్బెట్ అభయారణ్యం చుట్టుపక్కల జంతువుల కోసం పెట్టిన కెమెరాలు స్థానిక మహిళలకు ఎంత ఇబ్బందిగా మారాయో 2024లో వచ్చిన ఒక పరిశోధన వివరించింది. కాలకృత్యాలకు వెళ్లిన ఒక మహిళ ఫొటో అక్కడి వాట్సాప్ గ్రూపుల దాకా వెళ్లింది. మనుషులు పడిన ఫొటోలను తాళం వేసి దాచడం కాదు, అదే రోజు తీసేయడమే పద్ధతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారానికి వర్తించదు గానీ, క్లబ్బు పెట్టి సభ్యుల జాబితా నడిపేవాళ్లు అదే మినహాయింపు తమకూ ఉందనుకోకూడదు.

కొన్ని హాబీల్లో చోటు దాచడం కుదరదు. గ్రహశకలాల స్థానాలు కొలిచి మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపేవాళ్లకు అబ్జర్వేటరీ కోడ్ కావాలి, ఆ కోడ్‌తో పాటు మీ డాబా రేఖాంశం బహిరంగ జాబితాలోకి ఎక్కుతుంది. అది ఇష్టమైతేనే దిగాలి. హామ్ రేడియోలోనైతే గాలిలో పంపే సందేశాన్ని రహస్య లిపిలో పెట్టడానికే అనుమతి లేదు. ఇంట్లోని లాగ్‌బుక్‌కు తాళం వేసుకోవచ్చు.

రెండో మెట్టు: నోట్‌బుక్‌లో ఊరి పేరు బదులు కోడ్

కాగితానికి పాస్‌వర్డ్ ఉండదు. బస్సులో మర్చిపోతే ఎవరైనా చదువుకోవచ్చు. అందుకని దాచాల్సిన ప్రతి చోటుకూ ఒక కోడ్ ఇవ్వండి: క-1, క-2, గ-7 లాగా. కోడ్‌లో ఊరి మొదటి అక్షరం రానివ్వకండి. నోట్‌బుక్‌లో "గ-7, ఉదయం 6.40, తల్లి లోపలే ఉంది, కింద అది కక్కిన తాజా ఉండలు రెండు, ఎలుక పుర్రె" అని రాస్తే చదివినవాడికి జీవశాస్త్రమంతా దొరుకుతుంది, చెట్టు మాత్రం దొరకదు. ఏ కోడ్ ఏ చోటో చెప్పే పట్టిక ఒక్కటే ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది, అది తాళం లోపల ఉంటుంది. పరిశోధన సంస్థలు మనుషుల ఆరోగ్య రికార్డుల్లో పాటించే పద్ధతి కూడా దాదాపు ఇదే, పేర్లు ఒక చోట, వివరాలు మరో చోట.

మూడో మెట్టు: ఫొటోలు

ఫోన్‌తో తీసిన ఫొటో లోపల ఎగ్జిఫ్ అనే సమాచారం కూర్చుంటుంది: తేదీ, సమయం, కెమెరా మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే దాదాపు 11 మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. రెండే అంకెలుంటే కిలోమీటరు పైచిలుకు. 2012 డిసెంబరులో పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి చెప్పింది ఒక పత్రిక పెట్టిన ఫొటోలోని ఈ సమాచారమే.

అయితే లొకేషన్ మొత్తానికి ఆపేయమని నేను చెప్పను. మన డేటాకు అది ప్రాణం. అసలు ఫొటోలో ఉండనివ్వండి, పంచే కాపీలోంచి తీసేయండి. విండోస్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్, అడుగున రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్. అక్కడ అన్నీ తీసేసిన కొత్త కాపీ తయారుచేయమనే ఆప్షన్ ఎంచుకుంటే అసలు ఫైలు చెక్కుచెదరదు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఎగ్జిఫ్ పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే లొకేషన్‌తో సహా వెళ్తుంది. గూటి ఫొటోలు బయటపడేది ఎక్కువగా ఇక్కడే.

ఎగ్జిఫ్ తీసేసినంత మాత్రాన పని అయిపోదు. వెనకాల గుడి గోపురం, మైలురాయి, కరెంటు టవర్ మీది నంబరు కనిపిస్తే ఆ ఊరివాళ్లకు ఇంకేం కావాలి? క్రాప్ చేయండి. ఫైలు పేరు కూడా చూసుకోండి, ఊరి పేరూ జీవి పేరూ కలిపి ఫైలుకు పెట్టి పంపేవాళ్లు ఎంతోమంది. ఇంకొకటి, ఫోన్‌లో ఫొటోల ఆటోమేటిక్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీరు ల్యాప్‌టాప్‌లో తాళం వేసేలోపే అవి క్లౌడ్‌కి చేరిపోయి ఉంటాయి. సున్నితమైన చోటికి వెళ్లే రోజు ముందే దాన్ని ఆపండి.

నాలుగో మెట్టు: వెబ్‌సైట్లలో పెట్టేటప్పుడు

చూసిన జీవుల ఫొటోలు పెట్టుకునే ఐనాచురలిస్ట్ సైట్‌లో ప్రతి పరిశీలనకూ జియోప్రైవసీ అనే సెట్టింగ్ ఉంటుంది. ఓపెన్, అబ్‌స్క్యూర్డ్, ప్రైవేట్ అని మూడు. అబ్‌స్క్యూర్డ్ పెడితే అసలు చోటు చుట్టూ 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చోట చుక్క కనిపిస్తుంది. మన అక్షాంశాల దగ్గర ఆ గడి ఇంచుమించు 22 కిలోమీటర్లు బై 21 కిలోమీటర్లు. తేదీ బదులు నెల, ఏడాది మాత్రమే బయటివాళ్లకు కనిపిస్తాయి. అసలు లొకేషన్ మాత్రం డేటాబేస్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. నేను మొదట చెప్పిన సూత్రమే ఇది. ప్రమాదంలో ఉన్న జాతులు చాలావాటికి సైటే దానంతటదే మసక పెడుతుంది.

తేదీని కూడా ఎందుకు దాస్తారో ఆలోచించండి. మీరు 9.10కి గుడ్లగూబను మసకగా పెట్టి, 9.08కి అదే చెట్టు మీది బదనికను, 9.13కి పక్కనున్న సీతాకోకచిలుకను ఓపెన్‌గా పెడితే మధ్యలో ఉన్నది ఎక్కడో లెక్క కట్టడం పెద్ద కష్టం కాదు. ఆ గంటలో తీసినవన్నీ కలిపి మసక చేయండి.

పక్షుల లెక్కలు పెట్టే ఈబర్డ్ సైట్‌లోనూ సున్నితమైన జాతుల జాబితా ఉంది, వాటి వివరాలు వాటంతటవే దాగిపోతాయి. ఆ జాబితాలో లేని మామూలు పక్షి గూడైతే? పిల్లలు ఎగిరిపోయాక చెక్‌లిస్ట్ (ఆ రోజు చూసిన పక్షుల జాబితా) పెట్టండి. తేదీ అసలుదే ఉంటుంది, సైన్స్‌కు నష్టం లేదు. చెక్‌లిస్ట్‌ను బహిరంగ పేజీల్లో కనపడకుండా దాచే ఆప్షన్ కూడా ఉంది. ఇంటి పెరట్లో రోజూ లెక్కపెట్టేవాళ్లు ఆ లొకేషన్‌కు "మా ఇల్లు" అని పేరు పెట్టకండి. మ్యాప్ మీద చుక్క, దాని పక్కన మీ పేరు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా లెక్కలు లేవో, అంటే మీరు ఊళ్లో లేరో, అన్నీ ఒకే పేజీలో దొరుకుతాయి.

ఐదో మెట్టు: పాస్‌వర్డ్

నేను తాళం అంటున్నది ఎన్‌క్రిప్షన్‌ను, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు ఫైలును మార్చేయడం. ఈ రోజుల్లో అది దాదాపు ఏఈఎస్-256. బెల్జియం శాస్త్రవేత్తలిద్దరు రూపొందించిన పద్ధతి ఇది, అమెరికా ప్రభుత్వం 2001లో ప్రమాణంగా తీసుకుంది. దాన్ని బద్దలు కొట్టడానికి ఎవరూ ప్రయత్నించరు, మీ పాస్‌వర్డ్‌ను ఊహిస్తారు. 2023లో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీ నుంచి సుమారు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. దొంగలు నేరుగా దూరిన ఖాతాలు 14 వేలే, అవి కూడా వేరే సైట్లలో వాడిన పాస్‌వర్డ్‌నే అక్కడా పెట్టినవాళ్లవి. మిగతావాళ్లు బంధువుల జాబితాల ద్వారా బయటపడ్డారు. వంశవృక్షం సరదాతో ఉమ్మి పంపిన అన్నకు పాస్‌వర్డ్ బద్ధకం ఉంటే చెల్లెలి వివరాలూ పోయాయన్నమాట.

మంచి పాస్‌వర్డ్‌కు పాచికలు వేయండి. డైస్‌వేర్ అనే పద్ధతిలో 7,776 మాటల జాబితా ఉంటుంది. ఐదు పాచికలు వేస్తే వచ్చే ఐదంకెల సంఖ్య ఒక మాటను చూపిస్తుంది. ఆరు మాటలు తీస్తే వచ్చే కలయికలు 2 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని. మాట నచ్చలేదని మళ్లీ వేయకండి, మీ ఇష్టం దూరిన కొద్దీ ఊహించడం తేలికవుతుంది. సినిమా పాట పల్లవి, పద్యం మొదటి పాదం అస్సలు వద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు పెట్టుకునేవాళ్లకు ఒక చిక్కు ఉంది. వంకాయ అనే మాటను మనం మూడు రకాలుగా రాస్తాం, ఆరు నెలల తర్వాత దీర్ఘానికి ఒక ఏ పెట్టామా రెండు పెట్టామా అని టెన్షన్ పడాలి. స్పెల్లింగ్ ఖాయంగా ఉన్న మాటలే తీసుకోండి. మిగతా పాస్‌వర్డ్‌లన్నీ కీపాస్‌ఎక్స్‌సీ లాంటి ఉచిత పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టేస్తే గుర్తుపెట్టుకోవాల్సింది ఈ ఒక్కటే.

ఆరో మెట్టు: ల్యాప్‌టాప్‌లో తాళం

ముందు డిస్క్ మొత్తానికి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్, హోమ్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు ఇది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. సంతోషమే గానీ, మదర్‌బోర్డు మార్చిన రోజు నీలిరంగు స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఇవాళే దాన్ని వెతికి కాగితం మీద రాసుకోండి.

డిస్క్ తాళం ల్యాప్‌టాప్ దొంగతనం నుంచి కాపాడుతుంది. మీరు లాగిన్ అయి ఉండగా వాడుకునే కుటుంబ సభ్యుల నుంచి, రిపేరు కోసం పాస్‌వర్డ్ చెప్పి ఇచ్చి వచ్చిన షాపు నుంచి కాపాడదు. అందుకే లోపల ఇంకో పెట్టె కావాలి. ఆ పెట్టెను తయారుచేసే ప్రోగ్రామ్ వెరాక్రిప్ట్ ఉచితం, దాని అధికారిక సైట్ నుంచే తెచ్చుకోండి.

క్రియేట్ వాల్యూమ్ నొక్కి, ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్, తర్వాత స్టాండర్డ్ వాల్యూమ్ ఎంచుకోండి. ఫైలుకు ఒక పేరు, చోటు ఇవ్వండి. ఇక్కడ పాత ఫైలును చూపించారంటే దాని స్థానంలో కంటైనర్ వచ్చేస్తుంది, పాతది పోతుంది, కాబట్టి కొత్త పేరే టైప్ చేయాలి. ఏఈఎస్, ఎస్‌హెచ్‌ఏ-512 అని ముందే ఉంటాయి, అలాగే వదిలేయండి. సైజు ఇప్పుడే ఆలోచించి పెట్టాలి, తర్వాత పెంచడం తలనొప్పి. నోట్స్, పట్టికలకు 2 జీబీ ఎక్కువే, ఫొటోలూ ఆడియో కూడా పెట్టేవాళ్లు 50 జీబీ అనుకోండి. పాస్‌వర్డ్ ఇచ్చాక ఫైల్ సిస్టమ్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుంటే మ్యాక్‌లోనూ తెరుచుకుంటుంది, 4 జీబీ దాటిన రికార్డింగులూ పడతాయి. ఆ తర్వాత కిటికీలో మౌస్‌ను అడ్డదిడ్డంగా తిప్పమంటుంది. కింద గీత ఎర్రగా మొదలై పచ్చగా నిండేదాకా తిప్పండి, ఆ పిచ్చి కదలికల్లోంచే కీ తయారవుతుంది. ఫార్మాట్ నొక్కితే అయిపోయింది.

వాడుకునేటప్పుడు మెయిన్ విండోలో ఒక డ్రైవ్ అక్షరం, సెలెక్ట్ ఫైల్, మౌంట్. పెన్‌డ్రైవ్ పెట్టినట్టే కొత్త డ్రైవ్ కనిపిస్తుంది. పని కాగానే డిస్‌మౌంట్, కొత్త వెర్షన్లలో అన్‌మౌంట్. ఇది మర్చిపోతే తాళం వేసిన పెట్టె మూత తీసి ఉన్నట్టే. టూల్స్‌లో బ్యాకప్ వాల్యూమ్ హెడర్ అని ఉంటుంది, ఒకసారి తీసి వేరే చోట పెట్టుకోండి. కంటైనర్ హెడర్, అంటే దాన్ని తెరిచే కీ ఉండే మొదటి భాగం, పాడైతే పాస్‌వర్డ్ తెలిసినా ఉపయోగం ఉండదు.

ఒకటి రెండు ఫైళ్లు మెయిల్‌లో పంపాలంటే ఇంత అక్కర్లేదు. ఫైళ్లను కుదించే 7-జిప్ ప్రోగ్రామ్‌లో 7జెడ్ ఫార్మాట్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇచ్చి, ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ టిక్ చేయండి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పండి. ఎక్సెల్‌లో ప్రొటెక్ట్ షీట్ పెట్టి తాళం వేశామనుకునేవాళ్లున్నారు. అది పొరపాటున గడులు చెరిగిపోకుండా ఆపడానికే, ఎన్‌క్రిప్షన్ కాదు. ఫైలు తెరవడానికే పాస్‌వర్డ్ పెడితే అది వేరే సంగతి.

ఏడో మెట్టు: క్లౌడ్‌లో కాపీ

వెరాక్రిప్ట్ కంటైనర్‌ను నేరుగా గూగుల్ డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టకండి. లోపల ఎన్ని మార్చినా కంటైనర్ ఫైలు తేదీ మారకుండా ఉండేలా అది ముందే సెట్ అయి ఉంటుంది. సింక్ ప్రోగ్రామ్ మార్పేమీ లేదనుకుని ఊరుకోవచ్చు. ఎక్కించినా 50 జీబీ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సి రావచ్చు. క్లౌడ్‌కు క్రిప్టోమేటర్ అనే ప్రోగ్రామ్ నయం. ప్రతి ఫైలునూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, పేర్లు కూడా కలిపి. ఎన్ని ఫైళ్లున్నాయి, ఇంచుమించు ఎంత సైజు, ఎప్పుడు మారాయి అన్నది మాత్రం క్లౌడ్ కంపెనీకి కనిపిస్తుంది. మనలాంటివాళ్లకు అది ఫర్వాలేదు. వాల్ట్ (తాళం వేసిన ఫోల్డర్) సృష్టించేటప్పుడు 44 మాటల రికవరీ కీ ఇస్తుంది. స్క్రీన్‌షాట్ తీయకండి, ప్రింట్ తీయండి.

ఎనిమిదో మెట్టు: తాళంచెవి పోకుండా

నిజం చెప్పాలంటే మన రికార్డులకు దొంగల కంటే మన మతిమరుపే పెద్ద ప్రమాదం. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుకు పాస్‌వర్డ్ పోతే కస్టమర్ కేర్ అంటూ ఎవరూ ఉండరు. ఇరవై ఏళ్ల వలస పక్షుల లెక్కలు మీతో పాటే పోకూడదు. పాస్‌వర్డ్, రికవరీ కీలు, ఏ ఫైలు ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి అన్న రెండు వాక్యాలు కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి, ఒకటి ఇంట్లో బీరువాలో, ఇంకొకటి వేరే ఊళ్లో నమ్మకస్తుల దగ్గర ఉంచండి. నా లెక్కలో ఆ రెండో మనిషి హాబీ తెలిసినవాళ్లయితే మంచిది. ఇంట్లోవాళ్లకు మన మీద ప్రేమ ఉంటుంది గానీ, కొంగల లెక్కలున్న హార్డ్ డిస్క్‌ను ఏ సంస్థకు ఇవ్వాలో తెలియకపోవచ్చు.

కాపీలు మూడుండాలి: ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంటికి దూరంగా ఒకటి. పెన్‌డ్రైవ్‌ను ఏళ్ల తరబడి దాచే సరుకుగా నమ్మొద్దు. కాపీ సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి 7-జిప్ రైట్ క్లిక్ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 ఉంటుంది, అది ఫైలుకు వేలిముద్ర లాంటి వరుసను లెక్కకట్టి ఇస్తుంది. అసలు ఫైలుకూ కాపీకీ వచ్చిన 64 అక్షరాల వరుస ఒకటే అయితే ఒక్క బిట్ కూడా మారలేదని అర్థం. ఈ వరుసను నోట్‌బుక్‌లో రాసి తేదీ వేసుకుంటే, ఫలానా రికార్డింగ్‌ను తర్వాత దిద్దలేదని చూపించడానికీ పనికొస్తుంది. అరుదైన పక్షి కూత మీద వాదన వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఏడాదికోసారి, సంక్రాంతి సెలవుల్లో అనుకోండి, ఇంకో కంప్యూటర్‌లో కవర్‌లోని కాగితం చూసి మాత్రమే కంటైనర్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ఆ సంగతి అప్పుడే తెలియడం మేలు.

పాత మెమరీ కార్డుల సంగతి చివరగా. మామూలు కెమెరాలు కార్డులో ఏదీ ఎన్‌క్రిప్ట్ చేయవు. క్విక్ ఫార్మాట్ చేసిన కార్డులోంచి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే ఫొటోలు వెనక్కి వస్తాయి. సాయంత్రం ఇంటికి రాగానే కార్డు ఖాళీ చేసే అలవాటు పెట్టుకోండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తిగా ఫార్మాట్ చేయండి. గూళ్ల ఫొటోలు తిరిగిన కార్డునైతే అమ్మితే వచ్చే రెండు వందలకు ఆశపడకుండా కత్తెరతో ముక్కలు చేయండి.